గళ్ల కాగితం మీద జరిగే పువ్వు

ఇంటర్ మొదటి సంవత్సరంలో ఏటా పిల్లలు ఆగిపోయే చోటు ఒకటుంది. ఎఫ్(ఎక్స్) రేఖాచిత్రాన్ని రెండు గళ్లు కుడికి జరపాలంటే ఎఫ్(ఎక్స్ − 2) రాయాలి. "కుడిపక్కకు పోతే కూడాల కదా సార్, తీసేస్తారేంది?" అంటారు. న్యాయమైన ప్రశ్న. 'గుర్తు తారుమారవుతుంది, గుర్తుపెట్టుకో' అంటే పరీక్ష గట్టెక్కుతుంది, సంగతి మాత్రం బుర్రకెక్కదు. మా నల్లచెరువు వైపు పిల్లలకు దీన్ని ధర్మవరం పట్టుచీరతో చెప్పవచ్చు.

లేపాక్షి వీరభద్రాలయం 16వ శతాబ్దపు విజయనగర కట్టడం. అక్కడి స్తంభాల మీది లతలు, పూలు ధర్మవరం చీరల అంచుల్లోకీ కొంగుల్లోకీ వచ్చాయి. అయితే రాతి మీది పువ్వు నేరుగా మగ్గమెక్కదు. ముందు గ్రాఫు కాగితం మీదికి దిగాలి. కాగితంలో నిలువు వరుస ఒక్కోటి జాకార్డు హుక్కు, అడ్డ వరుస ఒక్కోటి పేక పోగు. ప్రతి పేకకూ ఒక అట్ట. రంగు నింపిన గడి ఉన్నచోట అట్టకు రంధ్రం కొడతారు. రంధ్రమున్న చోట హుక్కు లేస్తుంది, దాంతో పడుగు, అంటే నిలువు పోగు, పైకొస్తుంది. 1637లో డెకార్ట్ అచ్చువేసిన నిరూపక జ్యామితికీ, 1804 నాటి జాకార్డు యంత్రానికీ ఇక్కడ చుట్టరికం కలిసింది. రెంటిలోనూ గడి ఏదో చెప్పడానికి రెండు సంఖ్యలు చాలు.

ఇప్పుడు పిల్లల ప్రశ్నకు వద్దాం. ఒకటి నుంచి 20 హుక్కుల దాకా మామిడిపిందె బుటా గీశాం. దాని పైగీతను చూస్తే ఒక్కో హుక్కు దగ్గర ఒక్కో ఎత్తు. అదే ప్రమేయం. అదే బుటా 101వ హుక్కు నుంచి కావాలి. 105వ హుక్కు ఏ ఎత్తు తీసుకోవాలి? పాత బొమ్మలో 5వ గడిని చూసుకోవాలి. అంటే 105 లోంచి 100 తీసేయాలి. పువ్వు ముందుకు జరిగింది, హుక్కు వెనక్కి చూసింది. తీసివేత అందుకే. ఎఫ్(ఎక్స్ − 100).

ఈ ఒక్క కిటుకు పట్టుబడితే మిగతావన్నీ దారికొస్తాయి. ఎఫ్(2ఎక్స్) లో 5వ హుక్కు 10వ గడిని చూస్తుంది. 20 గళ్ల పువ్వు 10 గళ్లలో ఇమిడిపోతుంది. ఎఫ్(−ఎక్స్) అద్దంలో బింబం. ఎడమకు వంగిన పిందె కుడికి వంగుతుంది. నడుమ గీతకు రెండువైపులా ఒకేలా ఉండే పువ్వు సరి ప్రమేయం, సగం గీస్తే చాలు. ఇవన్నీ అడ్డంగా జరిగే మార్పులు. ఎఫ్ బయట చేసే మార్పు నిలువుకు చెందుతుంది. ఎఫ్(ఎక్స్) + 3 మూడు పేకలు పైకి లేపుతుంది, 2ఎఫ్(ఎక్స్) ఎత్తు రెట్టింపు చేస్తుంది. అక్కడ మెలిక లేదు. చూసే గడి మారలేదు, వచ్చిన ఎత్తే మారింది.

నిలువు సాగదీతను మగ్గం దగ్గర నిర్లక్ష్యం చేస్తే చీరే చెడుతుంది. అంగుళానికి పడుగు పోగులు, పేక పోగులు సమానంగా లేనప్పుడు చదరపు గళ్ల మీద గీసిన గుండ్రటి చక్రం బట్ట మీద కోడిగుడ్డవుతుంది. అందుకే పోగుల నిష్పత్తికి తగిన గళ్ల కాగితం ఎంచుకుంటారు. ఇప్పుడు కంప్యూటర్ మీద గీసినా ఆ లెక్క తప్పదు.

మార్పులు రెండు కలిసినప్పుడు వరుస ముఖ్యం. ఎఫ్(2ఎక్స్ − 6) చూడగానే 'సగానికి కుదించు, ఆరు జరుపు' అనేస్తారు. కుదించాక జరపాల్సింది మూడే, ఎందుకంటే అది ఎఫ్(2(ఎక్స్ − 3)). ఆరే జరపాలనుకుంటే ముందు జరిపి తర్వాత కుదించాలి. అనుమానమొస్తే 10వ హుక్కును అడగండి. 20 లోంచి 6 పోతే 14. అది పాత బొమ్మలో 14వ గడిని చూస్తుంది. రెండు దారులూ అక్కడికే చేరతాయి.

ఈ చూపు అలవడినవాడు ఎక్స్ వర్గం − 4ఎక్స్ + 7 కనపడితే బిందువుల పట్టిక వేసుకోడు. దాన్ని (ఎక్స్ − 2) వర్గం + 3 గా మార్చి, తెలిసిన పరావలయాన్నే రెండు గళ్లు కుడికి, మూడు గళ్లు పైకి జరుపుతాడు. రేపు 'అక్ష పరివర్తనం' పాఠంలో పువ్వు కదలకుండా కాగితమే జరిగినప్పుడు గుర్తులు ఎందుకు మారతాయో అతనికి ముందే తెలిసిపోతుంది.

మన పిల్లల్లో కొందరి ఇళ్లలో మగ్గం చప్పుడు ఇంకా వినిపిస్తోంది. ఆ ఇంటి పిల్లకు గ్రాఫు కొత్త సంగతి కాదు. నల్లబల్ల మీద సూత్రం రాసే ముందు ఆమె చేతికి గళ్ల కాగితమిచ్చి, 105వ హుక్కు ఎక్కడ చూస్తుందో అడగాలి. సూత్రం ఆమే చెబుతుంది.