ఉప్పుగాలిలో పట్టేసిన మర

మోటారుసైకిలు ఇంజను పక్కమూతలు అల్యూమినియం మిశ్రలోహంతోను, వాటిని బిగించే స్క్రూలు ఉక్కుతోను తయారవుతాయి గనుక, ఆ రెండింటి సందులో ఉప్పుతేమ నిలిచిందంటే అక్కడ ఒక చిన్న బ్యాటరీ పుట్టినట్టే. స్క్రూ మీది జింకు పూత ముందుగా కరిగిపోతుంది. తరువాత అల్యూమినియం మెల్లగా క్షయించి తెల్లని పొడి అవుతుంది. ఆ పొడి తాను పుట్టిన లోహం కంటే ఎక్కువ చోటు ఆక్రమించడంతో మరచుట్ల మధ్య ఉండవలసిన కాస్త ఖాళీ పూడిపోయి, స్క్రూ గోడలో దిగిన మేకులా బిగుసుకుంటుంది. మెకానిక్కులు దీనినే ‘మర పట్టేసింది’ అంటారు.

విశాఖపట్నంలో ఈ రోగం ఎక్కువ కావడంలో వింత లేదు. 1933లో ప్రారంభమైన నౌకాశ్రయం, 1941లో శంకుస్థాపన జరిగిన సింధియా నౌకానిర్మాణ కేంద్రం, 1992లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారం, అన్నీ సముద్రాన్ని ఆనుకొనే ఉన్నాయి. వాటిలో షిఫ్టుకు వెళ్లేవారి బండ్లు గంటల తరబడి ఉప్పుగాలిలో నిలబడతాయి, పైగా బొగ్గు, ఇనుప ఖనిజాల ధూళి స్క్రూ తల చుట్టూ పేరుకొని తేమను ఆరనివ్వదు. అయితే రోగాన్ని తెచ్చిన ఆ పరిశ్రమలే మందునూ నేర్పాయనవచ్చు. ఓడ మరమ్మతులో పెద్ద బోల్టును కదిలించే ఫిట్టరు చేసేదీ, గాజువాక, మల్కాపురం షెడ్లలో 6 మిల్లీమీటర్ల స్క్రూను కదిలించే మెకానిక్కు చేసేదీ సూత్రంలో ఒకటే: ముందు పట్టు విడగొట్టాలి, ఆ తరువాతనే తిప్పాలి.

నిజానికి సగం స్క్రూలను పాడుచేసేది తుప్పు కాదు, తప్పు స్క్రూడ్రైవరు. 1985లో మన రోడ్ల మీదికి వచ్చిన సీడీ 100, ఆర్‌ఎక్స్ 100 వంటి జపాన్ నమూనా బండ్లలో ప్లస్ గుర్తు గాడి ఉన్న స్క్రూలు జపాన్ ప్రమాణానికి చెందినవి. 1936లో అమెరికాలో హెన్రీ ఫిలిప్స్ పేటెంటు పొందిన తరహా మొన చూపుకు అలాగే ఉన్నా ఆ గాడి అడుగుదాకా దిగదు, బలం పెట్టగానే పైకి తన్నుకొస్తుంది. అలా రెండుమూడు సార్లు జారితే ప్లస్ గాడి గుండ్రని గుంట అవుతుంది. అందుకే అనుభవజ్ఞుడు గాడిలోని మట్టిని సూదితో గీకి తీసి, మొన కుదురుగా కూర్చుందో లేదో చూసుకోనిదే చేతికి బలం ఇవ్వడు.

ఆ పైన తుప్పునూనె గాని, కిరోసిన్ గాని చుక్కలుగా వేసి, వీలైతే రాత్రంతా నాననిస్తారు. మరునాడు పని ఇంపాక్ట్ డ్రైవరుది. వెనుక సుత్తితో కొట్టిన దెబ్బను లోపలి ఏటవాలు గాడి ద్వారా మెలిగా మార్చే ఈ పనిముట్టు, మొనను గాడిలోకి అదిమిపెట్టే క్షణంలోనే స్క్రూను తిప్పుతుంది కాబట్టి మొన జారే అవకాశం దాదాపు ఉండదు. మొదటి దెబ్బ విప్పే వైపు కాక బిగించే వైపు పిసరంత వేయడం కొందరి అలవాటు. పట్టు ఏ దిక్కున విడినా విడినట్టే.

అప్పటికీ కదలకపోతే వేడి పెడతారు. అల్యూమినియం ఉక్కు కంటే దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది. 6 మిల్లీమీటర్ల రంధ్రం దగ్గర 100 డిగ్రీల వేడి పెరిగితే రంధ్రానికీ స్క్రూకూ మధ్య వచ్చే తేడా సుమారు 7 మైక్రాన్లు, అంటే తలవెంట్రుక మందంలో పదో వంతు. తెల్లపొడి పట్టు పగలడానికి తరచు అదే చాలు. పెట్రోలు ట్యాంకు దించి దూరంగా పెట్టకుండా మంట వెలిగించేవాణ్ణి మాత్రం మెకానిక్కు అనకూడదు.

తల పూర్తిగా అరిగిపోయినప్పుడు దానిని డ్రిల్లుతో తొలిచి తీసేయడం విధ్వంసంలా కనిపించినా, ఇందులోనే ఈ విద్య సొగసు ఉంది. స్క్రూ బిగువులో పెద్ద పాలు తల కింద మూతను అదిమిపట్టిన ఒత్తిడిది. తల ఊడగానే ఆ ఒత్తిడి పోతుంది, మూత వచ్చేస్తుంది, మిగిలిన మొండెం బయటికి కాస్త పొడుచుకొని ఉంటుంది గనుక గ్రిప్ ప్లయరుతో పట్టి తిప్పితే తరచు తేలిగ్గానే వస్తుంది. మొండెం లోపలే విరిగితే దానిమీద నట్టు పెట్టి వెల్డింగు చేస్తారు; నట్టు పట్టుకోవడానికి తల అవుతుంది, వెల్డింగు వేడి పట్టునూ విడగొడుతుంది. రంధ్రం తొలిచి ఎడమ మరతో దిగేసే ‘ఈజీ అవుట్’ అనే పనిముట్టు పేరుకే సులువు: అది గట్టి ఉక్కు, కానీ పెళుసు, లోపల విరిగిందంటే మామూలు డ్రిల్లు దానిని తొలవలేదు.

మర పోయిన రంధ్రానికి ఆటోనగర్ లేత్ షాపులో బుష్ వేయవచ్చు, లేదా ఉక్కు తీగను స్ప్రింగులా చుట్టిన హెలికాయిల్‌ను కొత్త మరగా దించవచ్చు. పాత స్క్రూల స్థానంలో స్టెయిన్‌లెస్ ఎలన్ బోల్టులు వేయించే మోజు ఈ మధ్య పెరిగింది గాని, గ్రీజు లేకుండా బిగిస్తే ఉప్పుగాలిలో అవి అల్యూమినియాన్ని మరింత తింటాయి. మర పట్టేయకుండా కాపాడే గ్రీజు మరచుట్లకు పలుచగా రాసి, స్క్రూను మొదట వెనక్కి తిప్పుతూ, చుట్టు అంచు చుట్టులోకి జారిన చిన్న ‘టక్’ వేలికి తెలిశాక, చేత్తోనే రెండు మూడు చుట్లు ముందుకు పోనిచ్చి, అప్పుడు స్క్రూడ్రైవరు అందుకుంటారు.