కాళ్ల ఆటకు చేతుల సాధన

2004 డిసెంబరు 5, ఆదివారం. బెంగళూరు కంఠీరవ స్టేడియంలో ఫెడరేషన్ కప్ ఫైనల్ జరుగుతోంది. ఒకవైపు గోవా క్లబ్ డెంపో, ఇంకోవైపు కలకత్తా మోహన్ బగాన్. అప్పటికే ఒక గోల్ వేసి ఉన్న డెంపో స్ట్రైకర్ క్రిస్టియానో జూనియర్ 78వ నిమిషంలో రెండోసారి బంతిని గోల్ వైపు తోశాడు. అదే క్షణంలో, బంతి కోసం ఎదురొచ్చిన గోల్‌కీపర్‌ను ఢీకొని కింద పడ్డాడు. బంతి వలలోకి వెళ్లింది, అతను మాత్రం లేవలేదు. ఆసుపత్రికి తీసుకుపోయినా ప్రాణం దక్కలేదు. గుండె ఆగిపోవడం వల్లనే చనిపోయాడని వైద్యులు చెప్పారు. డెంపో 2-0తో కప్పు గెలిచింది. ఆ రెండు గోల్సూ వేసిన మనిషికి అప్పటికి 25 ఏళ్లు.

బ్రెజిల్ నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చిన ఆటగాడతను. పెలే పుట్టిన దేశంలో బాగా ఆడేవాళ్లకు కొదవ లేదు, అందరికీ చోటు చాలదు. అక్కడ చోటు దొరకనివాళ్లు బూట్లు సంచిలో వేసుకుని ప్రపంచమంతా తిరుగుతారు. అట్లా తిరిగే దారిలోనే క్రిస్టియానో కలకత్తా చేరాడు. 2003-04 జాతీయ ఫుట్‌బాల్ లీగ్‌లో బైచుంగ్ భూటియాతో కలిసి ఈస్ట్ బెంగాల్ తరఫున ఆడి 15 గోల్స్ వేశాడు. ఆ సీజన్‌లో అందరికంటే ఎక్కువ గోల్స్ అతనివే, లీగ్ గెలిచింది కూడా ఈస్ట్ బెంగాలే. మరుసటి సీజన్‌కు డెంపో అతన్ని గోవాకు తెచ్చుకుంది. ఆ క్లబ్‌తో అతని కాలం కొన్ని నెలల్లోనే ముగిసింది. ఆ సీజన్‌లో లీగ్‌ను డెంపో గెలిచింది. అతను వేసుకున్న పదో నంబరు జెర్సీని క్లబ్బు ఇంకెవరికీ ఇవ్వకుండా పక్కన పెట్టింది.

ఆ రోజు ఎదురొచ్చిన గోల్‌కీపర్ సుబ్రత పాల్ కూడా అప్పటికి పద్దెనిమిదేళ్ల పిల్లవాడే. తర్వాత అతనే భారత జట్టుకు గోల్‌కీపర్ అయ్యాడు. 2011లో దోహాలో జరిగిన ఆసియా కప్‌లో అతను ఆపిన బంతులను ఫుట్‌బాల్ చూసేవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ మధ్యాహ్నపు బరువును అన్నేళ్లూ మోస్తూ గోల్ ముందు నిలబడిన మనిషి మీద నాకు గౌరవం ఉంది. తప్పెవరిదో తేల్చడం కోసం ఇది రాయడం లేదు. బంతి వలలోకి వెళ్లిన తర్వాతి నిమిషాల గురించి రాస్తున్నాను. నేను చేసే పనికి, పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పే పనికి, ఆ నిమిషాలతో నేరుగా సంబంధం ఉంది.

మా పాకాల జంక్షన్ ఊరు. ఒక లైను తిరుపతికి, ఒకటి కాట్పాడికి, ఇంకొకటి ధర్మవరానికి పోతుంది. ఇక్కడ క్రికెట్‌కు, కబడ్డీకి ఉన్నంత మంది ఫుట్‌బాల్‌కు లేరు. అయినా సాయంత్రమయ్యేసరికి బడి మైదానంలోకి పిల్లలు వస్తారు. దామలచెరువు మామిడి మండీలో పనిచేసే వాళ్ల పిల్లలు వస్తారు, రైల్వే వాళ్ల పిల్లలు వస్తారు, ఆడపిల్లలూ వస్తారు. బాగా ఆడేవాళ్ల కళ్లన్నీ ధర్మవరం లైను మీదే ఉంటాయి. ఆ దారినే పోతే అనంతపురం, అక్కడి ఆర్‌డీటీ మైదానాలు. ఇంకా పెద్ద కల కనేవాళ్లకు బెంగళూరు. అంటే క్రిస్టియానో పడిపోయిన ఊరు మా పిల్లలు చేరాలనుకునే ఊరే.

అదే బెంగళూరులో 2012 మార్చి 21న ఇంకొక ఆటగాడు పోయాడు. పేరు డి. వెంకటేశ్, వయసు 27. బెంగళూరు మార్స్ జట్టు తరఫున జిల్లా లీగ్‌లో సౌత్ వెస్టర్న్ రైల్వే మీద సబ్‌స్టిట్యూట్‌గా దిగాడు. ఆట చివర్లో కుప్పకూలాడు. మైదానంలో అంబులెన్స్ లేదు. తోటి ఆటగాళ్లు అతన్ని ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయారు. అతను బతకలేదు.

దానికి సరిగ్గా నాలుగు రోజుల ముందు, మార్చి 17న లండన్‌లో బోల్టన్ జట్టు ఆటగాడు ఫాబ్రిస్ మువాంబా ఆట మధ్యలో ఇలాగే పడిపోయాడు. అతని గుండె 78 నిమిషాల పాటు తనంతట తాను కొట్టుకోలేదు. అయినా బతికాడు. మైదానంలో ఉన్న వైద్య సిబ్బంది క్షణాల్లో ఛాతీ మీద చేతులు వేశారు. ఆట చూడడానికి వచ్చిన గుండె వైద్యుడు ఆండ్రూ డీనర్ స్టాండ్‌లోంచి దిగి పరుగెత్తుకుంటూ వచ్చాడు. అంబులెన్స్‌లోనూ ఆసుపత్రిలోనూ ఛాతీ నొక్కడం ఆపలేదు, షాక్ మీద షాక్ ఇస్తూ పోయారు. ఒకే వారంలో ఇద్దరు యువకులు పడిపోతే ఒకరు బతికారు, ఒకరు పోయారు. వెంకటేశ్ గుండె మువాంబా గుండెకంటే బలహీనమని ఎవరూ అనలేరు. అతని చుట్టూ ఉన్న మైదానం మాత్రం బలహీనంగా ఉందని ఎవరైనా అనగలరు.

ఇది మన దేశానికే పరిమితమైన దుఃఖం కాదు. 2003 జూన్ 26న ఫ్రాన్స్‌లోని లియాన్‌లో, కొలంబియాతో ఆడుతూ కామెరూన్ ఆటగాడు మార్క్ వివియన్ ఫోయె 72వ నిమిషంలో నేలకొరిగాడు. 28 ఏళ్లవాడు. గుండె కండరం పుట్టుకతో వచ్చిన లోపం వల్ల మందంగా పెరిగే జబ్బు అతనికి ఉందని తర్వాత తెలిసింది. ప్రపంచమంతా చూస్తుండగా జరిగిన ఆ మరణంతో పెద్ద ఫుట్‌బాల్ మారింది. ఆటగాళ్లకు గుండె పరీక్షలు చేయించాలని, మైదానం పక్కన షాక్ ఇచ్చే యంత్రం ఉండాలని పట్టుబట్టడం పెరిగింది. ఆ మార్పు ఫలం 2021 జూన్ 12న కోపెన్‌హాగెన్‌లో కనిపించింది. డెన్మార్క్ ఆటగాడు క్రిస్టియన్ ఎరిక్సన్ పడిపోతే అక్కడికక్కడే ఛాతీ నొక్కి, షాక్ ఇచ్చి బతికించారు. ఏడాది తిరగకుండానే, ఛాతీలో అమర్చిన చిన్న పరికరంతో అతను మళ్లీ ఆడాడు.

కోపెన్‌హాగెన్ వరకూ వచ్చిన ఆ మార్పు మండల స్థాయి పోటీల దాకా రావాలంటే ఎవరు తేవాలి? నాకు తెలిసి, విజిల్ పట్టుకున్న మాలాంటివాళ్లే తేవాలి.

ఈ విషయంలో నాకు దారి చూపించింది హైదరాబాదు రహీం సాబ్. సయ్యద్ అబ్దుల్ రహీం మొదట బడిపంతులు. తర్వాత హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుతో 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిపించాడు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్‌ను నాలుగో స్థానానికి చేర్చాడు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చింది కూడా ఆయన జట్టే. మరుసటి ఏడాది జూన్ 11న, 53 ఏళ్లకే ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయాడు. ఇవన్నీ చాలామందికి తెలుసు. పిల్లల కోసం ఆయన పెట్టిన పోటీల గురించి తెలిసినవాళ్లు తక్కువ. ఒక పోటీలో డ్రిబ్లింగ్ చేయకూడదు, బంతి వచ్చిన వెంటనే పాస్ ఇచ్చేయాలి. ఇంకొక పోటీలో అలవాటు లేని కాలితోనే తన్నాలి. కుడికాలి పిల్లవాడు పోటీ అంతా ఎడమకాలితోనే ఆడాలి.

నేను కూడా మా మైదానంలో అలవాటు లేని కాలితో ఆడిస్తాను. మొదట్లో పిల్లలు విసుక్కుంటారు, బంతి ఎటో పోతుంది. నెలలు గడిచాక ఒక రోజు, ఆలోచించే సమయం లేని చోట, ఎడమకాలు దానంతట అదే లేస్తుంది. రహీం పోటీల రహస్యం అదే. ఒత్తిడిలో మనిషికి కొత్త ఆలోచన రాదు, సాధన చేసిందే వస్తుంది. ఈ మాట ఎడమకాలికి ఎంత నిజమో, పడిపోయిన మనిషి ఛాతీ మీద వేయాల్సిన చేతులకూ అంతే నిజం. ఎన్నడూ చేయనివాడు ఆ క్షణంలో నిలబడి చూస్తాడు. అది పిరికితనం కాదు, చేతులకు దారి తెలియకపోవడం. అందుకే మా సాధనలో షూటింగ్, పాసింగ్, త్రో-ఇన్‌తో పాటు సీపీఆర్, అంటే ఆగిన గుండె కోసం ఛాతీ నొక్కే పని కూడా ఉంది.

సీపీఆర్ నేర్పే బొమ్మలు కొనే స్తోమత మాకు లేదు. గోనెసంచిలో పాత బట్టలు గట్టిగా కుక్కి పెట్టుకున్నాం. పిల్లలు దాని పక్కన మోకాళ్ల మీద కూర్చుంటారు. ఛాతీ మధ్యలో, ఎముక కింది సగం మీద ఒక అరచేతి మడమ పెట్టి, దాని మీద రెండో చెయ్యి వేస్తారు. మోచేతులు వంచకూడదు, భుజాల బరువుతో నొక్కాలి. పెద్దవాళ్లకైతే 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు. ప్రతిసారీ ఛాతీ పూర్తిగా పైకి లేచేదాకా వదలాలి, అప్పుడే గుండెలోకి రక్తం తిరిగి వస్తుంది. ముప్పై దాకా గట్టిగా లెక్కపెడితే 15 నుంచి 18 సెకన్లలో అయిపోవాలి. రెండు నిమిషాలకు చేతులు నొప్పి పుడతాయి, అప్పుడు పక్కవాడు అందుకోవాలి.

"ఎముక ఇరిగిపోతే ఎట్లా సార్?" అని దాదాపు ప్రతి పిల్లవాడూ అడుగుతాడు. "ఇరిగినా అతుక్కుంటుంది నాయనా. ఆగిన గుండె దానంతట అది లేచేది కష్టం" అని చెబుతాను. ఆ తర్వాత వాళ్ల చేతుల్లో భయం తగ్గుతుంది.

నొక్కడం కంటే గుర్తుపట్టడం కష్టం. గుండె ఆగిన మనిషి మొదటి నిమిషంలో చేతులూ కాళ్లూ కొట్టుకోవచ్చు, నోరు తెరిచి గురక లాంటి శబ్దం చేయవచ్చు. మన ఊళ్లలో అది చూడగానే ఫిట్స్ అనుకుంటారు. చేతిలో తాళాల గుత్తి పెడతారు, ముఖాన నీళ్లు చల్లుతారు, సోడా తాపించబోతారు. అందరిదీ మంచి మనసే, కానీ ఆ మంచి మనసుతోనే నిమిషాలు పోతాయి. ఛాతీ నొక్కకుండా, షాక్ ఇవ్వకుండా గడిచే ఒక్కో నిమిషానికి బతికే అవకాశం వందకు ఏడు నుంచి పది వంతులు పడిపోతుంది. అందుకే మా పిల్లలకు ఒకే సూత్రం చెప్పాను. ఎవరూ తగలకుండా పడిపోయినా, ఛాతీకి దెబ్బ తగిలి పడిపోయినా, పిలిస్తే పలకకుండా, మామూలుగా ఊపిరి తీయకుండా ఉంటే గుండె ఆగిందనే అనుకోండి. అనుమానంతో ఆగిపోవడం కంటే మొదలుపెట్టడమే మేలు.

గుండెపోటు వేరు, గుండె ఆగడం వేరు అని కూడా పిల్లలకు చెబుతాను. గుండెపోటులో గుండెకు రక్తం తెచ్చే నాళం మూసుకుపోతుంది, మనిషికి స్పృహ ఉండవచ్చు, నొప్పి చెప్పవచ్చు. గుండె ఆగడంలో లయ తప్పి, రక్తం ముందుకు కదలదు, మనిషి కుప్పకూలుతాడు. మొదటిది రెండోదానికి దారి తీయవచ్చు. 2023 జనవరి 27న కుప్పంలో నటుడు నందమూరి తారకరత్న కుప్పకూలిన రోజు మన ప్రాంతంలో ఇంటింటా ఈ మాటలే నడిచాయి. అయితే ఆ మాటలు చేతుల దాకా రాలేదు.

జట్టులో పదకొండు మందికీ తలా ఒక స్థానం ఉన్నట్టే ఈ పనికీ స్థానాలు పెట్టాను. ఒకరు ఛాతీ నొక్కాలి. ఒకరు 108కి ఫోన్ చేసి, ఫోన్ పెట్టేయకుండా అవతలివాళ్లు చెప్పింది వినాలి. ఒకరు రోడ్డు మీదికి పరుగెత్తి అంబులెన్స్‌కు దారి చూపాలి. మిగిలినవాళ్లు గుంపును వెనక్కు పంపాలి. క్రిస్టియానో పోయిన నాటికి మన రాష్ట్రంలో 108 లేనే లేదు, అది 2005 ఆగస్టు 15న మొదలైంది. ఇప్పుడు ఉంది. అది వచ్చేదాకా రక్తాన్ని మెదడుకు పంపే పని మాత్రం మన చేతులదే.

పడిపోకముందే కనిపెట్టగలిగేవి కొన్ని ఉంటాయి. కొత్త పిల్లవాడు చేరినప్పుడు ఇంట్లోవాళ్లను రెండు ప్రశ్నలు అడుగుతాను. పరుగెత్తుతుండగా ఎప్పుడైనా సొమ్మసిల్లాడా? ఇంట్లో చిన్న వయసులో ఉన్నట్టుండి పోయినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఏ ఒక్కదానికి అవునన్నా, ఈసీజీ తీయించి, వైద్యుడు సరేనన్నాకే మైదానంలోకి రానిస్తాను. పిల్లల గుండె చూడడానికి తిరుపతిలో టీటీడీ పెట్టిన శ్రీపద్మావతి హృదయాలయం 2021 నుంచి ఉంది. "మా అబ్బోడు గట్టోడు సార్, ఏమీ కాదులే" అనే తండ్రులుంటారు. ఫోయె కూడా గట్టోడే, అతని గుండె కండరం లోపల ఏముందో బయటికి కనిపించలేదు.

మిగిలింది షాక్ ఇచ్చే యంత్రం. ఏఈడీ అనే ఆ చిన్న పెట్టె తెరిస్తే, ఏం చేయాలో అదే మాటల్లో చెబుతుంది. అవసరం లేకపోతే షాక్ ఇవ్వదు, కాబట్టి చదువు రానివాళ్లు కూడా భయపడనక్కర్లేదు. మూడు లైన్లు కలిసే మా జంక్షన్‌లో ఒకటి, ఊళ్లో అందరికీ తెలిసిన చోట తాళం వేయకుండా ఒకటి ఉండాలని రైల్వే వారినీ పంచాయతీనీ అడుగుతున్నాను. దాతలు బడికి గోల్‌పోస్టులు ఇస్తామన్నప్పుడు కూడా ఇదే మాట చెబుతున్నాను.

తిరుపతి, చిత్తూరు జిల్లాల పీఈటీ మిత్రులకు నా మనవి ఒకటే. క్రిస్టియానోను స్మరించాలంటే ఒక పూట సాధన సీపీఆర్‌కు ఇవ్వండి. వెంకటేశ్‌ను స్మరించాలంటే పోటీ జరిగే ప్రతి మైదానానికీ అంబులెన్స్ ఎటునుంచి రావాలో ముందే చూసుకోండి. వచ్చే మండల స్థాయి పోటీల్లో మొదటి విజిల్ వేసే ముందు రెండు జట్లనూ నిలబెట్టి ఒక్క ప్రశ్న అడగండి: ఇక్కడ ఎవరైనా పడిపోతే ఛాతీ మీద చేతులు వేసేది ఎవరు? కనీసం నాలుగు చేతులు పైకి లేస్తేనే ఆట మొదలుపెట్టండి.