లిల్లీ ‘వద్దు’ అన్నప్పుడు

కాలేజీ, ఆట, ప్రేమ కలిసిన కథల్లో ఎదిగేది మామూలుగా అబ్బాయే. 2003లో వచ్చిన ‘ఒక్కడు’లో కబడ్డీ అజయ్‌ది. కర్నూలు పిల్ల స్వప్నకి ఆట లేదు, పారిపోవడమే ఉంది. (మా పగిడ్యాల 2022లో నంద్యాల జిల్లాలోకి పోయింది గానీ, అప్పటికి మాదీ కర్నూలు జిల్లానే.)

2019లో భరత్ కమ్మ తీసిన ‘డియర్ కామ్రేడ్’ బ్యాటు అమ్మాయికిచ్చింది. క్రికెటర్ లిల్లీ, కాకినాడ విద్యార్థి నాయకుడు బాబీ కొట్లాటలు భరించలేక విడిపోతుంది కూడా. తర్వాత సెలక్షన్ పెద్దమనిషి లైంగిక వేధింపుతో ఆట మాని కుంగిపోతుంది. తిరిగొచ్చిన బాబీ ఓపికగా సేవ చేస్తాడు. మారాడనే అనుకుంటాం. నిజం తెలియగానే మాత్రం, ఆమె వద్దంటున్నా విషయాన్ని రచ్చకెక్కిస్తాడు.

నాకు మింగుడుపడనిది ఇక్కడే. పాత కోపమే న్యాయం అని పేరు మార్చుకుంది. ఆమె మాట వినడం అతనికింకా రాలేదు. పనిచోట లైంగిక వేధింపులపై 2013లో వచ్చిన చట్టం క్రీడాసంస్థలకూ వర్తిస్తుంది. బాధితురాలు అనారోగ్యం వంటివి కాక వేరే కారణంతో ఫిర్యాదు చేయలేకపోతే, సంగతి తెలిసినవాళ్లు చేయాలన్నా ఆమె రాతపూర్వక అంగీకారం ఉండాలంటాయి దాని నిబంధనలు. చట్టానికున్న ఆ పాటి మర్యాద ప్రేమికుడికి లేకపోయింది. పరువు, ఇంట్లోవాళ్లు, చేజారిన కెరీర్ – ఆమె ‘వద్దు’ వెనక ఇన్ని లెక్కలుంటే కథ వాటిని పిరికితనం ఖాతాలో రాసేసింది.

ఆమె ఏ బంతికి తడబడుతుందో సినిమా అయ్యాక కూడా నాకు తెలియలేదు. బాబీ ఎలా కొడతాడో బాగా తెలుసు.

విచారణలో లిల్లీ చివరికి నోరు విప్పుతుంది. ఆ ధైర్యం ఆమెదే. కానీ ‘వద్దు’ నుంచి అక్కడిదాకా ఆమె లోపల ఏం జరిగిందో మనకు కనిపించదు. మధ్యలో ఉన్నదంతా బాబీ ఆవేదనే.