తప్పు తూచే కాటాలతో కచ్చితమైన తూకం

2015 సెప్టెంబర్ 28న శ్రీహరికోట నుంచి ఎగిరిన ఆస్ట్రోశాట్ ఉపగ్రహంలో సీజెడ్‌టీఐ అనే పరికరం ఉంది. అక్టోబర్ 6న దాన్ని పనిలోకి దింపిన రోజే ఒక గామా కిరణ విస్ఫోటం చిక్కింది. ఎక్కడో సుదూర గెలాక్సీలో ఒక భారీ తార కుప్పకూలితే కొద్ది సెకన్లు మెరిసే వెలుగది. మళ్లీ రాదు. దాన్ని కొలిచే సాధనం గుణదోషాలు క్షుణ్ణంగా తెలియకపోతే వచ్చిన అవకాశం వచ్చినట్టే పోతుంది.

ఈ పరికరంలో కాడ్మియం జింక్ టెల్యురైడ్ డిటెక్టర్లు 64. ఒక్కోదానికి 256 చొప్పున మొత్తం 16,384 పిక్సెళ్లు. ఒకే శక్తి గల ఫోటాన్ పడినా ఒక్కో పిక్సెల్ ఒక్కో అంకె చెబుతుంది. స్ఫటికంలో తేడా, వెనకున్న సర్క్యూట్లో తేడా, ఉష్ణోగ్రతతో వచ్చే తేడా. సంతలో ప్రతి కొట్టు కాటా తలో రకంగా తప్పు తూచినా, ఏది ఎంత తప్పుతుందో తెలిస్తే సరైన బరువు కట్టొచ్చు. కాలిబ్రేషన్ చేసేది ఈ పనే. తూకపురాయిగా అమెరీషియం-241ను పరికరంలోనే అమర్చారు. దాని గామా కిరణం శక్తి దాదాపు 60 కిలో ఎలక్ట్రాన్ వోల్టులని ముందే తెలుసు కాబట్టి, పిక్సెల్ చెప్పిన అంకెను దానితో సరిచూస్తారు.

వెలుగు పడకుండానే అదేపనిగా సంకేతాలిచ్చే పిక్సెళ్లను ఆపేయక తప్పదు. కాస్మిక్ కిరణం తగిలినప్పుడు మైక్రోసెకన్ల వ్యవధిలో గుంపుగా పుట్టే సంకేతాలనూ ఏరేస్తారు. చెయ్యి ఆచితూచి పడాల్సింది ఇక్కడే. ప్రకాశవంతమైన విస్ఫోటంలో అసలు ఫోటాన్లు కూడా అంత దగ్గర దగ్గరగానే వస్తాయి; జల్లెడ మరీ సన్నమైతే చెత్తతోపాటు గింజలూ పోతాయి.

అన్నిటికన్నా సున్నితమైనది ధ్రువణం లెక్క, అంటే కాంతి తరంగాలు ఏ దిశలో ఎక్కువగా కంపిస్తున్నాయో తేల్చడం. ఫోటాన్ ఒక పిక్సెల్లో చెదిరి పక్క పిక్సెల్లో ఆగుతుంది. అది ఎటు ఎక్కువగా చెదిరిందో చూసి ధ్రువణాన్ని పట్టాలి. కానీ పిక్సెళ్లు చతురస్రాలు. అంచు కలిసిన పొరుగుకు ఎక్కువ, మూల కలిసిన పొరుగుకు తక్కువ ఫోటాన్లు చేరతాయి. ధ్రువణం లేని కాంతికీ ఈ ఎగుడుదిగుడు తప్పదు. విస్ఫోటం ఏ పక్కనుంచి వచ్చిందన్నదాన్ని బట్టి ఉపగ్రహం శరీరమే కొంత అడ్డుపడుతుంది. అందుకని మొత్తం ఉపగ్రహాన్ని కంప్యూటర్లో నిర్మించి, ధ్రువణం లేని కాంతిని అదే దిశనుంచి పంపి, ఆ ఫలితంతో అసలు లెక్కను భాగిస్తారు. ఇది చేయకుండా ధ్రువణం ప్రకటిస్తే అది విస్ఫోటం సంగతి కాదు, పిక్సెల్ ఆకారం సంగతి.

నాకు బాగా నచ్చింది మాత్రం వెలివేసిన పిక్సెళ్ల కథ. దాదాపు ఐదోవంతు పిక్సెళ్ల గెయిన్, అంటే ఒకే శక్తికి అవి చూపే అంకె, ఉండాల్సినదానికన్నా తక్కువ. మొదట్లో వాటిని విశ్లేషణలో పక్కనపెట్టారు. అయితే గెయిన్ తక్కువంటే, మామూలు పిక్సెల్ కొలత నిండిపోయే శక్తి దగ్గర కూడా దీనికింకా చోటుంటుంది. ఓపిగ్గా కాలిబ్రేట్ చేశాక, 150 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర ఆగిపోయే వర్ణపటం కొన్ని వందల దాకా సాగింది. గామా కిరణాలను గమనించే ఫెర్మీ ఉపగ్రహం కంటపడని విస్ఫోటాల అధికశక్తి వెలుగును సీజెడ్‌టీఐ సొంతంగా కొలవగలుగుతున్నది ఈ పిక్సెళ్ల చలవతోనే.