నీరులేని స్నానఘట్టము

నాగార్జునకొండ చూపుటకై పిడుగురాళ్ల బాలురను మేము తోడ్కొనిపోయినపుడు, ద్వీపముపైనున్న ప్రాచీన స్నానఘట్టముకడ ఒక బాలుడు "ఘట్టమంటిరి, నీళ్లేవండీ మాస్టారూ?" అని యడిగెను. ఆ ప్రశ్నయే ఈ విమర్శకు మూలము.

క్రీ.శ. 3, 4 శతాబ్దులలో ఇక్ష్వాకుల రాజధానియైన విజయపురియందు, కృష్ణ యొడ్డున, సున్నపురాతి పలకలతో ఈ మెట్లు కట్టబడినవి. కాలక్రమమున నగరము మట్టిపాలయ్యెను. 1926లో సూరపరాజు వేంకటరామయ్య యను ఉపాధ్యాయుడు అచట నొక పురాతన స్తంభమును చూచి మద్రాసు ప్రభుత్వమునకు తెలిపెను. మా వృత్తివాడు చేసిన మేలని చెప్పుకొనుటకు మాకు గర్వముగా నున్నది. త్రవ్వకములు సాగుచుండగనే, 1955 డిసెంబరు 10వ తేదీన నెహ్రూ నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసెను. లోయ మునుగునని తెలిసి, పండితులును కూలీలును ముఖ్యకట్టడముల రాళ్లను తరలించి, కొండమీదను అనుపునందును మరల పేర్చిరి. నేడా కొండయే ద్వీపము.

ఆ శ్రమను మేము తక్కువచేయము. ఆ జలాశయపు కుడికాలువయే మా పలనాటి చేలను తడుపుచున్నది. కాని శిల్పము వేఱు, ఘట్టము వేఱు. శిల్పము ఎచట నిలిపినను శిల్పమే. ఘట్టమో, వేసవిలో నది తగ్గినపుడు క్రింది మెట్టును, వరదలో పైమెట్టును మనుష్యుని పాదమున కందించుటకు పుట్టినది. రాళ్లు దక్కినవి, పని దక్కలేదు. పైగా లాంచీ తిరిగిన నాడే దాని దర్శనము. చూచువారు లేని కట్టడమును కాపాడువారు ఎన్నాళ్లుందురు?

ఆంగ్లదేశమందలి బాత్ నగరమున రోమనులు వేడినీటి ఊటలపై స్నానశాలలు కట్టిరి. ఆ నీటిలో ప్రాణాంతక క్రిమి యున్నదని 1978లో అచట స్నానము మాన్పించిరి. పురాతన భవనమును చూచుటకే యుంచి, అవే ఊటల నీటితో క్రొత్త స్నానశాలను 2006లో తెఱచిరి. రాయిని రక్షించుట యొక పని, ఆచారమును రక్షించుట మఱియొక పని యని వారు గుర్తించిరి.

మనమో మొదటి పనితోనే తృప్తిపడితిమి. ఇక్ష్వాకులు మెట్లుగా పఱచినది సున్నపురాయి; పిడుగురాళ్ల బట్టీలలో నేడు కాల్చుచున్నదియు సున్నపురాయియే. ఆ కాలిన సున్నము చెమట తగిలిన చర్మమును దహించును. ప్రొద్దుగ్రుంకువేళ తెల్లని దుమ్ముతో బట్టీనుండి వెడలు స్త్రీపురుషులకు కావలసినది గతవైభవ ప్రసంగము కాదు. చేరువలో ధారాళమైన నీరు, స్త్రీలకు మఱుగు, కులము నడుగని వాకిలి.

కావున ద్వీపమునకు లాంచీలు నియమముగా నడపవలెను. ఘట్టముకడ, నది ఎచట నుండెడిదో, మెట్లు ఏల కట్టిరో తెలుపు పటము తెలుగున నిలుపవలెను. బట్టీలున్న ప్రతియూర పౌరస్నానశాల కట్టవలెను. అప్పుడుగాని ఆ బాలునికి మేము చెప్పదగిన సమాధానము దొరకదు.