తాతల ప్రశస్తి: కొన్ని సందేహములు

సోలాపురపు తెలుగువారి సంచికలలో పూర్వులను గూర్చిన వ్యాసమొకటి లేనిదే సంచిక నిండినట్లు తోచదు. తాతగారు తెలంగాణము నుండి కట్టుబట్టలతో వచ్చిరి. రేయింబవళ్లు మగ్గము నేసిరి. బిడ్డలను పైకి దెచ్చిరి. సోలాపురము దుప్పటికి దేశమంతట పేరు దెచ్చిరి. ఇట్టి వ్యాసములను మేము పెక్కేండ్లుగా చదువుచున్నాము. వానియందలి భక్తి మాకును కలదు. అయినను అందు కనిపించు ఆ తాత యెవ్వరో మాకు బోధపడుట లేదు. పేరొక్కటి మార్చినచో ఆ వ్యాసము మఱియొకరి తాతకును సరిపోవును. ఈ ప్రశస్తులకు ఇది మొదటి దోషము.

రెండవది కారణమునకు సంబంధించినది. వారు సాహసించి వచ్చిరని వ్రాయుదురు. సాహసము లేదని మేమనము. కాని 1860లో రైలు సోలాపురము చేరినది. 1877లో ఇచ్చట నూలుమిల్లు వెలసినది. నూలు చేరువయైనది, నేసిన బట్టకు బేరము పెరిగినది. కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ, మహబూబునగరము పల్లెలలో మగ్గమాడక, పూట గడవక బయలుదేరినవారు కొందఱు. ముందు వచ్చిన బంధువు పిలువగా వచ్చినవారు కొందఱు. ఆకలిచే ఊరు విడిచినవానిని వీరుడని పొగడినంతనే, ఆ యాకలి యేల కలిగెనని యడుగు బాధ్యత మనకు తీరిపోదు.

మూడవది మఱింత సున్నితమైనది. ఇచ్చట చేనేత కార్ఖానాలు వెలసినపుడు, మగ్గము లొకరివి, చేతులు మఱియొకరివి. యజమానియు పద్మశాలియే కావచ్చును, కూలివాడును పద్మశాలియే కావచ్చును. ఇరువురును మార్కండేయస్వామి రథము వెంట నడచినవారే. కాని సంచిక కెక్కు తాత తఱచుగా కార్ఖానా పెట్టిన తాతయే. జీవితమంతయు పరుల మగ్గముపై నేసి, అద్దె గదిలో కన్ను మూసిన తాతకు మనుమలు లేరా? కలరు. చందా యీయగల స్థితి వారికి లేకపోవుటచే కాబోలు, వారి తాత అచ్చు కాలేదు.

ఇక అవ్వ మాట. ఆసు పోయక, కండెలు చుట్టక మగ్గము కదలదని నేతయింట పుట్టిన ప్రతివానికి తెలియును. కండె చుట్టిన చేయి ఎవరిది? తరువాతి కాలమున బీడీలు చుట్టి, వేయి బీడీల లెక్కన కూలి తెచ్చి పొయ్యి రాజేసిన చేయి ఎవరిది? ప్రశస్తులలో ఆమెకు దక్కినది 'సహధర్మచారిణి' యను ఒక్క మాట. 2006లో కుంభారి వద్ద బీడీ కార్మిక స్త్రీల సహకార సంఘమునకు 10,000 ఇండ్లు సమకూడినవి. ఆ సంఘపు సభ్యుల జాబితాలో ఉన్నవి స్త్రీల పేర్లు. మన సంచికలు చేయని పని ఒక జాబితా చేసినది.

జీవితమంతయు దస్త్రములు వ్రాసినవారము గనుక ఈ విషయమున మాకు పట్టింపు హెచ్చు. 1860 మొదలు మద్రాసు నుండి నేటాలునకు ఓడలలో పోయిన కూలీల పేరు, తండ్రి పేరు, వయస్సు, ఊరు ఓడ పట్టికలలో కలవు. దక్షిణాఫ్రికాలోని మునిమనుమడు వానిని వెదకి తన ఊరి పేరు కనుగొనగలడు. మన తాతలు సముద్రము దాటలేదు. నిజాము సరిహద్దు మాత్రమే దాటిరి. వారి పేరు వ్రాసుకొనుటకు రేవులో గుమాస్తా లేడు. పుణె గోఖలే సంస్థవారు సోలాపురపు నేతకులములను పరిశీలించి 1947లో ప్రకటించిన కాకడే గారి గ్రంథము, 1965లో వెలువడిన గాడ్గిల్ గారి సోలాపుర నగర గ్రంథము ఉన్నవి. వానిలో లెక్కలు కలవు, ముఖములు లేవు. మన వ్యాసములలో పటము కట్టిన ముఖము కలదు, లెక్క లేదు. రెండింటి నడుమ మనిషి జారిపోయెను.

మఱియొక వింత. ఆ తాతలు మాటాడినది పల్లె తెలుగు. అందు మరాఠీ కలిసినది, ఉర్దూ కలిసినది. మనము వారిని గూర్చి ఈ గ్రాంథికమున వ్రాయుచున్నాము. మన మనుమలు మరాఠీ బడిలో చదివి దీనినే చదువలేకున్నారు. తాత మాట మనకు అందలేదు. మన మాట మనుమలకు అందుట లేదు.

అట్లయిన పొగడుట మానవలెనా? మేమట్లనుట లేదు. ఎరుగనివారిని పొగడుట సులభము. వారు ఎదురు చెప్పరు. ఎరిగి పొగడుట కష్టము, కాని విలువ దానికే. గుంట మగ్గమున కూర్చున్న వృద్ధులు, కండెలు చుట్టిన అవ్వలు తూర్పు పేటలలో ఇంకను కొందఱు కలరు. వారి నడుగుడు: ఏ ఊరు, ఎవరి వెంట వచ్చితిరి, మగ్గమెవరిది, అప్పెవరికి, వారపు కూలి యెంత, పురిటిలో పోయిన బిడ్డలెందఱు. చెప్పినది చెప్పినట్లు, వారి మాటలలోనే వ్రాయుడు. రానున్న సంచికలో ఇంటికొక పుట చాలును. అందు మొదటి పంక్తిలో అవ్వ పేరు ఉండవలెనని మా మనవి.