గొడ్ల డాక్టరు చదువుకు డబ్బెక్కడ?

తడ దాటితే తమిళనాడు. సూళ్లూరుపేటలో లోకల్ రైలు ఎక్కితే రెండు, రెండున్నర గంటల్లో మద్రాసు సెంట్రల్లో దిగొచ్చు. స్టేషన్‌కు దగ్గర్లోనే వేపేరి, అక్కడ 1903లో మొదలైన మద్రాసు పశువైద్య కళాశాల. 1936లో మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధమై డిగ్రీ ఇవ్వడం మొదలుపెట్టిన కాలేజీ అది. 1955లో తిరుపతిలో కాలేజీ పెట్టేదాకా ఈ తీరంలో పశువైద్యం చదవాలనుకున్న కుర్రాళ్లు ఆ రైలే ఎక్కారు. రైలు ఇప్పటికీ నడుస్తోంది. ఎల్లలు మాత్రం మారాయి. 2022 ఏప్రిల్‌లో తడ నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాలోకి వెళ్లింది. ఇక్కడి పిల్లలకు సీటయినా, స్కాలర్‌షిప్పయినా ముందుగా తిరుపతి వైపే చూపు.

పులికాట్ సరస్సు ఒడ్డున ఓ గొర్రెల మంద ఉన్న ఇంటి అమ్మాయి ఇంటర్ బైపీసీ మంచి మార్కులతో పాసైందనుకుందాం. ఆమెకు ఈ చదువు మీద మనసు పోవడానికి కారణాలు ఇంటి దొడ్లోనే ఉన్నాయి. నెల్లూరు గొర్రెల్లో తెల్లటి పల్ల ఏదో, ముఖం మీద నల్లమచ్చలున్న జోడిపి ఏదో, ఎర్రటి దొర ఏదో బళ్లో వేయకముందే ఆమెకు తెలుసు. ఈశాన్య రుతుపవనాల వానలు పడ్డాక ముసురుకునే దోమల్లాంటి చిన్న ఈగలు నీలినాలుక రోగాన్ని మోసుకొస్తాయి. మూతి వాచి, కాళ్లు కుంటుతూ, మేత మానేసిన గొర్రెను నాన్న భుజాన వేసుకుని ఆసుపత్రికి నడవడం ఆమె చూసే ఉంటుంది. 2019 పశుగణన ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 1.76 కోట్ల గొర్రెలున్నాయి. తెలంగాణ తర్వాత దేశంలో ఎక్కువ గొర్రెలు ఇక్కడే. చికిత్స చేసేవాళ్ల అవసరం ఎంతన్నది వేరే చెప్పనక్కర్లేదు.

చదువు పొడవు ఐదున్నరేళ్లు. నాలుగున్నరేళ్లు తరగతులు, ఆపైన ఏడాది ఇంటర్న్‌షిప్. ఎంబీబీఎస్‌కూ అంతే సమయం పడుతుంది. ఎంబీబీఎస్ సీటు వస్తే ఊరంతా ఫ్లెక్సీలు కడుతుంది, గొడ్ల డాక్టరు సీటు వస్తే "అదేం చదువమ్మా" అని అడుగుతుంది. విచిత్రమేమిటంటే స్కాలర్‌షిప్పుల లోకం కూడా ఇంచుమించు ఊరిలాగే ప్రవర్తిస్తుంది.

అమ్మాయి ఫోన్ తీసి ఇంగ్లీషులో వెతికితే మొదట కనిపించేవి అమెరికా, బ్రిటన్ సంస్థలు తమ దేశపు విద్యార్థులకిచ్చే బహుమతులు. వాటితో తడకు పని లేదు. ఇంకొంచెం వెతికితే ఆడపిల్లలకు ఏడాదికి 50 వేలిచ్చే 'ప్రగతి' కనబడుతుంది. చూడగానే ఆశ పుడుతుంది. కానీ అది ఏఐసీటీఈ గుర్తింపు ఉన్న కాలేజీల్లో సాంకేతిక కోర్సులు చదివేవాళ్లకు మాత్రమే. పశువైద్య కళాశాలలు 1984 నాటి చట్టంతో ఏర్పడిన భారత పశువైద్య మండలి పరిధిలోకి వస్తాయి. ఇంజనీరింగ్ జాబితాలో ఈ చదువు లేదు, మనుషుల వైద్యం జాబితాలోనూ లేదు. దరఖాస్తు ఫారంలో కోర్సు పేరు ఎంచుకునే చోట 'ఇతరములు' అని నొక్కాల్సి వచ్చినప్పుడే ఈ విద్యార్థులకు తమ స్థానం ఏమిటో అర్థమవుతుంది.

అందుకే ఈ వెతుకులాటలో మొదట మానుకోవాల్సింది 'పశువైద్యం' అన్న మాట పట్టుకుని వెతకడం. మన దగ్గర డబ్బు ఆ పేరు మీద లేదు. ఆదాయం పేరు మీద, కులం పేరు మీద, మార్కుల పేరు మీద వేర్వేరు చోట్ల ఉంది. వాటిలో ఏది మన ఇంటికి సరిపోతుందో పోల్చుకోవడమే అసలు పని.

ఆదాయం సంగతితో మొదలుపెడదాం. ఆంధ్రప్రదేశ్‌లో పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్పులకు రెండు భాగాలు. ఫీజు కట్టేది ఒకటి, తిండికీ బసకూ ఇచ్చేది రెండోది. 2008లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం బీసీలకు, ఆర్థికంగా వెనుకబడినవారికి ఫీజు రీయింబర్స్‌మెంట్ తెచ్చాక ఈ మాట ప్రతి ఇంట్లో వాడుకలోకి వచ్చింది. 2020లో విద్యాదీవెన, వసతిదీవెన అన్న పేర్లు పెట్టారు. వసతి కింద డిగ్రీ, ఆపై చదువులకు ఏడాదికి 20 వేలు, పాలిటెక్నిక్‌కు 15 వేలు అన్నది అప్పటి లెక్క. కుటుంబ ఆదాయం ఏడాదికి రెండున్నర లక్షలు దాటకూడదు. మాగాణి 10 ఎకరాల లోపు, మెట్ట అయితే 25 ఎకరాల లోపు ఉండాలి. హాజరు 75 శాతానికి తగ్గకూడదు. 2024లో ప్రభుత్వం మారాక పేర్లు మారి, ఫీజు తల్లి ఖాతాలో కాకుండా నేరుగా కాలేజీ ఖాతాలో పడే పద్ధతి వచ్చింది. ఏ పేరు పెట్టినా, ఎవరి ఖాతాలో వేసినా, బకాయిలు పేరుకుపోయే జబ్బు మాత్రం రెండు ప్రభుత్వాల హయాంలోనూ నయం కాలేదు. ప్రభుత్వ కాలేజీలో ఫీజు మోయలేనంత భారం కాదు కాబట్టి పశువైద్య విద్యార్థికి ఆ ఆలస్యం కొంత తట్టుకోగలిగినదే. అసలు ఖర్చు మెస్సు బిల్లు. దాని నెల వాయిదా ఏ ప్రభుత్వం కోసమూ ఆగదు.

ఇక్కడ తడకే ప్రత్యేకమైన చిక్కొకటి ఉంది. పక్కనే శ్రీసిటీ పారిశ్రామికవాడ. మంద అమ్మేసి, లేదా చేపల వేట మానేసి, ఫ్యాక్టరీలో చేరిన తండ్రికి నెలకు 25 వేలు వస్తే ఏడాదికి 3 లక్షలు. రెండున్నర లక్షల గీత దాటిపోయాడు. ఆ యాభై వేలతో ఆయన ధనవంతుడేమీ కాలేదు, అయినా కూతురి ఫీజు భారం మొత్తం ఆయన మీదే పడుతుంది. ఇలాంటి ఇళ్లకు పనికొచ్చేది కేంద్రం ఇచ్చే సెంట్రల్ సెక్టార్ స్కాలర్‌షిప్. దాని ఆదాయ పరిమితి నాలుగున్నర లక్షలు. ఇంటర్ బోర్డు పరీక్షలో తన విభాగంలో 80వ పర్సెంటైల్ పైన నిలిచినవారు అర్హులు. దేశం మొత్తం మీద ఏడాదికి 82 వేల కొత్త స్కాలర్‌షిప్పులు, సగం ఆడపిల్లలకు. మొదటి మూడేళ్లు ఏడాదికి 12 వేలు, వృత్తి కోర్సులైతే నాలుగు, ఐదు సంవత్సరాల్లో 20 వేలు. కొనసాగాలంటే ఏటా 50 శాతం మార్కులు, 75 శాతం హాజరు ఉండాలి. మొత్తం చిన్నదే, కానీ విద్యార్థి ఖాతాలోనే పడుతుంది.

మెలిక ఏమిటంటే, రాష్ట్రం ఫీజు రీయింబర్స్‌మెంట్ తీసుకుంటున్నవారు దీనికి అర్హులు కారు. రెండూ పెట్టి చూద్దాం, ఏదో ఒకటి తగులుతుంది అనుకునేవాళ్లు పరిశీలనలో రెండింటి దగ్గరా ఆగిపోతారు. గీతకు అటా ఇటా అన్నది ముందే తేల్చుకుని ఒక్కటే పెట్టుకోవాలి. రెండున్నర లక్షల లోపు ఇల్లయితే రాష్ట్రానిదే మేలు, అనుమానం లేదు.

ప్రైవేటు సంస్థల్లో రిలయన్స్ ఫౌండేషన్ డిగ్రీ స్కాలర్‌షిప్ ఏ కోర్సైనా ఒప్పుకుంటుంది. ఏటా 5 వేల మందికి, చదువు మొత్తానికి కలిపి 2 లక్షల దాకా. మొదటి సంవత్సరం విద్యార్థులకే అవకాశం, ఆన్‌లైన్‌లో ఆప్టిట్యూడ్ పరీక్ష రాయాలి. కుటుంబ ఆదాయం 15 లక్షల లోపు అన్నారు గానీ, రెండున్నర లక్షల లోపు వారికే ప్రాధాన్యం. 'ఇతరములు' గడిలో మగ్గే మన అమ్మాయికి ఇది బాగా సరిపోయే తలుపు. రెండో ఏడు వచ్చాక సంగతి తెలిస్తే లాభం లేదు.

ఎస్సీ విద్యార్థులకు దారి ఇంకొంచెం వెడల్పు. దేశంలోని పశువైద్య కళాశాలల్లో 15 శాతం సీట్లను నీట్ ర్యాంకుతో పశువైద్య మండలి భర్తీ చేస్తుంది. వేపేరి కాలేజీలోనూ అలా చేరవచ్చు. ఆ కాలేజీ ఇప్పుడు 1989లో ఏర్పడిన తమిళనాడు పశువైద్య విశ్వవిద్యాలయంలో భాగం. దేశంలో ఈ తరహా తొలి విశ్వవిద్యాలయం అదే. రాష్ట్రం దాటి చదివినా పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్ ఇవ్వాల్సింది సొంత రాష్ట్రమేనని కేంద్ర మార్గదర్శకాలు చెబుతున్నాయి. 2020 డిసెంబరులో ఈ పథకం ఖర్చులో కేంద్రం వాటా 60 శాతమని ఖరారు చేశారు. సరిహద్దు ఊళ్లో పుట్టినవాళ్లకు ఈ నిబంధన తెలిసి ఉండటం ఎంతో అవసరం. తడ నుంచి తిరుపతి ఎంత దూరమో మద్రాసూ ఇంచుమించు అంతే.

పదో తరగతితోనే సంపాదన దారి పట్టాల్సిన పిల్లలకు పశుసంవర్ధక డిప్లొమా ఉంది, రెండేళ్ల చదువు. శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కింద రాపూరు, పలమనేరు లాంటి చోట్ల పాలిటెక్నిక్‌లు నడుస్తున్నాయి. 2019లో గ్రామ సచివాలయాలు పెట్టినప్పుడు పశుసంవర్ధక సహాయకుల పోస్టులు 9,886 ప్రకటించారు. అర్హులు చాలక ఎన్నో ఖాళీలు మిగిలి, 2023లో మరో 1,896 పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చారు. ఉద్యోగాలు అభ్యర్థుల కోసం ఎదురుచూసిన సందర్భాలు మన రాష్ట్రంలో అరుదు. ఆ అరుదైన వాటిలో ఇదొకటి.

డిగ్రీ అయ్యాక పరిస్థితి మెరుగు. భారత వ్యవసాయ పరిశోధన మండలి ప్రవేశ పరీక్షలో పైన నిలిచి పీజీలో చేరితే, పశువైద్య విభాగంలో నెలకు 12,640 రూపాయల స్కాలర్‌షిప్ వస్తుంది. మిగతా వ్యవసాయ శాఖలకు అది 12 వేలు. జాబితాల్లో పశువైద్యానికి పైచేయి కనిపించే చోటు ఈ 640 రూపాయలే కాబోలు. ఇజ్జత్‌నగర్ పశువైద్య పరిశోధన సంస్థకో, కర్నాల్ పాడి పరిశోధన సంస్థకో వెళ్లాలనుకునేవారికి దారి ఇదే.

స్కాలర్‌షిప్ మనిషిని ఎక్కడికి తీసుకెళ్తుందో చెప్పడానికి పశువుల రంగంలోనే పెద్ద సాక్ష్యం ఉంది. వర్గీస్ కురియన్‌కు పాడి మీద ఆసక్తే లేదు. భారత ప్రభుత్వం డెయిరీ ఇంజనీరింగ్‌కు స్కాలర్‌షిప్ ఇస్తానంటే తీసుకుని, బెంగళూరులో కొంతకాలం గడిపి, అమెరికాలోని మిచిగన్ స్టేట్‌కు వెళ్లాడు. అక్కడ ఎక్కువగా లోహశాస్త్రమే చదివాడు. తిరిగొచ్చాక స్కాలర్‌షిప్ బాండు ఆయన్ని 1949 మేలో ఆనంద్ అనే చిన్న ఊళ్లో పడేసింది. ఎప్పుడు వదిలించుకుందామా అనుకున్న ఉద్యోగమది. అమూల్ అక్కడే పెరిగి పెద్దదయింది. సర్కారు సొమ్ము వృథా అంటూ గొణిగేవాళ్లు ఆ బాండు కాగితాన్ని ఒకసారి తలచుకోవాలి.

ఇక కాగితాల పని. స్కాలర్‌షిప్పులు పోయేది ఎక్కువగా మార్కులు లేక కాదు. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు పూర్తిగా, ఆధార్‌లో పొడి అక్షరంగా ఉంటే చిక్కు. ఆధార్‌కు బ్యాంకు ఖాతా జతయిందనుకుంటారు, తీరా చూస్తే ఎన్‌పీసీఐ (జాతీయ చెల్లింపుల సంస్థ) మ్యాపింగ్ ఎప్పుడో వదిలేసిన పాత ఖాతాకు ఉంటుంది, డబ్బు దానిలోకే పోతుంది. ఓటీపీ వచ్చే నంబరు నాన్న మార్చేసి ఉంటాడు. జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో ముందు ఒకసారి నమోదు చేసుకుని నంబరు తీసుకోవాలి, ఆ తర్వాతే దరఖాస్తు. దరఖాస్తు పెట్టడంతోనూ పని తీరదు. కాలేజీ గుమస్తా తన లాగిన్‌లో దాన్ని సరిచూసి పైకి పంపాలి. ఆయన సెలవులో ఉండగా గడువు దాటితే అంతే సంగతులు. ఏటా రెన్యువల్ కూడా ఇలాగే. ఇదంతా నెట్ సెంటరు కుర్రాడికి వదిలేసి ఇంటికెళ్లే తల్లిదండ్రులే ఎక్కువ. ఆ కుర్రాడు మంచివాడే, కానీ గంటలో పాతిక దరఖాస్తులు కొట్టేవాడు.

ఎక్కడా సాయం దొరకనివారికి అప్పు ఉంది. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి కింద జాబితాలోని సంస్థల్లో చదివేవారికి పూచీ, తాకట్టు లేకుండా రుణమిస్తారు. 8 లక్షల లోపు ఆదాయముంటే 10 లక్షల దాకా రుణంపై 3 శాతం వడ్డీ రాయితీ. సంతకం పెట్టే ముందు కాలేజీ ఆ జాబితాలో ఉందో లేదో చూసుకోవాలి.

ఇన్ని దారులున్నా ఒక్క ఏడాది మాత్రం ఎవరి పద్దులోకీ సరిగ్గా రాదు. అది ఇంటర్న్‌షిప్. తరగతులు ఉండవు, ఆసుపత్రి పని మాత్రం రోజంతా. 2025 మొదట్లో తిరుపతి, గన్నవరం, ప్రొద్దుటూరు, గరివిడి విద్యార్థులు స్టైపెండ్ పెంచాలని సమ్మెకు దిగినప్పుడు, వాళ్లకు వస్తున్నది నెలకు 7 వేలని రాష్ట్రానికి తెలిసింది. మనుషుల ఆసుపత్రుల్లో అదే పని చేసే ఇంటర్న్‌లకు దానికి మూడింతలు వస్తోందన్నది వాళ్ల వాదన. ఆ వాదనలో తప్పు పట్టడానికేమీ లేదు. ఈనేటప్పుడు దూడ అడ్డం తిరిగిన గేదె దగ్గర అర్ధరాత్రి భుజం దాకా చెయ్యి పెట్టే పిల్లకు కూలి రేటు కూడా ఇవ్వకపోవడం సిగ్గుచేటు.

ప్రభుత్వం చేయాల్సింది ప్రభుత్వం చేయాలి. ఈలోగా మిగతావాళ్లు చేయగలిగింది కూడా ఉంది. తిరుపతి కాలేజీ మొదలై 70 ఏళ్లు దాటింది. అక్కడ చదివినవారు రాష్ట్రం నిండా, అమెరికా దాకా ఉన్నారు. బ్యాచ్‌ల వారీగా రజతోత్సవాలకు కలుసుకుంటారు, శాలువాలు కప్పుకుంటారు, బంగారు పతకాలకు విరాళాలిస్తారు. పతకం ఎలాగూ ఫస్టొచ్చినవారికే వెళ్తుంది. ఈసారి కలిసే బ్యాచ్ ఏదైనా సరే, ఇంటర్న్‌షిప్‌లో ఉన్న ఒక పేద విద్యార్థి మెస్సు బిల్లు 12 నెలలు కడతామని ముందుకు రావాలి.

ఇంటర్ రెండో ఏడు పిల్లలున్న ఇళ్లకు మరో మాట. ఫలితాలు వచ్చేదాకా ఆగకుండా సచివాలయంలో ఆదాయ, కుల ధ్రువపత్రాలకు ఇప్పుడే పెట్టండి. ఆ దారిలోనే బ్యాంకుకు వెళ్లి, ఆధార్ ఏ ఖాతాకు మ్యాప్ అయి ఉందో అడిగి తెలుసుకోండి.